డుంబ్రిగుడ కొండల్లో కొయ్యని జనుము

అరకు వెళ్తున్నానంటే మా ఆవిడ పాడేరు పసుపు తెమ్మంది. పక్కింటి మాస్టారు సీతాఫలాలు తెమ్మన్నారు. మా ఆఫీసరు ఫొటోలు తెమ్మన్నాడు. ముగ్గురిలో ఒక్కరికీ ఏమీ తేలేదు. అరకు గురించి రాయమని ఎవరైనా అడిగితే గుహల గురించో, వలిసె పూల గురించో రాస్తాననుకుంటారు. నాకు ఆ ప్రయాణంలో జరిగిందంతా ఒక మడి దగ్గరే జరిగింది. చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోడానికి మొహం చెల్లాలి కదా.

తొంభైల చివర్లో మాట. నేను మైదానంలో ఒక చిన్న వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో పని చేసేవాణ్ణి. జనుము మీకు తెలిసే ఉంటుంది, నార తీసే మొక్క, పచ్చిరొట్టగా దుక్కిలో కలిపేస్తాం. మేం కొండల్లోకి పట్టుకెళ్ళిన కొత్త పద్ధతిలో కలపక్కర్లేదు. తొలకరికి జనుము చల్లాలి. నడుమెత్తు పెరిగి పూత పట్టగానే మొదలంటా కోసి అక్కడికక్కడే నేలంతా పరిచెయ్యాలి. ఆ పరుపు కింద వెల్తురు తగలదు గనక కలుపు లేవదు. పరుపులోనే సందులు చేసి చోడి నారు నాటుకోవాలి. చోడి అంటే రాగి, మా ఉత్తరాంధ్రలో చోడే. పరుపు మెల్లగా కుళ్ళి ఎరువవుతుంది, కలుపుతీత తగ్గుతుంది, గింజ బాగా పడుతుంది. కాగితం మీద ఇంతకంటే అందమైన వ్యవసాయం లేదు.

డుంబ్రిగుడ అవతల కొండ మీద ఒక ఊళ్ళో (పేరు రాయను, ఆ మనుషుల్ని మళ్ళీ బజార్న పెట్టలేను) వేసవి చివర నేనే వెళ్ళి ఒక మడిలో జనుము చల్లించి వచ్చాను. పూత సమయానికి మళ్ళీ వస్తానన్నాను. వెళ్ళలేదు. వానాకాలం ఏజెన్సీకి వెళ్తే చలిజ్వరం పట్టుకుంటుందని ఆఫీసులో అందరికీ భయం, నాకు అందరికంటే ఎక్కువ. టూరు డైరీలో ఘాట్‌లో కొండచరియలు పడ్డాయని రాశాను. ఒకరోజు పడ్డమాట నిజమే. మిగతా రోజులన్నీ నేను క్యాంటీన్లో బజ్జీలు తింటున్నాను.

ఆ తర్వాత కొండమీద ఇంకా జనుము కొయ్యలేదని కబురు తెలిసి, రిపోర్టులో ఒక్క ముక్క రాశాను: రైతు సకాలంలో పైరు కోయనందున ప్రయోగం ఫలించలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. కోతల కాలం దాటాక, రిపోర్టుకి అతికించడానికి ఫొటో కావాలని ఆఫీసరు కెమెరా చేతికిచ్చి పంపాడు. అదీ నా యాత్ర.

పాసింజరు బండిలో

విశాఖపట్నంలో తెల్లారగట్ల బండెక్కాను. కొత్తవలస దాటేదాకా నిద్రపోయాను. శృంగవరపుకోటలో ఎండుచేపల గంపతో ఒకావిడ ఎక్కి, నా కాళ్ళ దగ్గరే గంప దించి, ఆ గంప మీదే చెయ్యానించుకుని కూర్చుంది. పెట్టెలో సగంమంది ముక్కులు మూసుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. బండి సొరంగంలో దూరిన ప్రతిసారీ కాలేజీ కుర్రాళ్ళు అరుస్తుంటే, వెల్తురొచ్చాక వాళ్ళకేసి చూసి నవ్వుతూ కూర్చుంది.

కాస్సేపటికి తేగలు తీసి నాకొకటి ఇచ్చింది. ఉడికించిన తేగ, ఉప్పగా, మధ్యలో తియ్యగా ఉంది. ఏం ఉద్యోగమని అడిగితే వ్యవసాయం నేర్పే ఉద్యోగమని చెప్పాను. ఎవరికి నేర్పుతావంది. రైతులకన్నాను.

"ఆళ్ళకి రాదేటి?" అంది.

పెట్టెలో నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ డుంబ్రిగుడ సంతకి పదేళ్ళుగా వెళ్తోందట. కొండోళ్ళు బేరమాడరని, ఒకసారి మాటిస్తే ఇంక తిరగరని, అప్పిచ్చినా భయం లేదని చెప్పింది. వాళ్ళు అమాయకులు కదా అన్నాను, మైదానంవాళ్ళం అందరం అనే మాట అది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అమాయకులు కారట, మాట మీద నిలబడతారంతేనట, రెండూ ఒకటి కావట. అప్పుడా మాట నాకు పట్టలేదు.

అరకు స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నమైంది. టీ రెండు రూపాయలు, చలికి మరో రెండు. లాడ్జిలో దుప్పటికి వేరే అద్దె అడిగారు. మా ఊళ్ళో దుప్పటికి అద్దె అంటే కొడతారు. ఆ దుప్పట్లో నల్లులకి మాత్రం అద్దె అడగలేదు, అవి ఉచితం.

డుంబ్రిగుడ సంత

మర్నాడు సంత రోజు. జీపులో పద్దెనిమిదిమందిమి, పైన మరో ఆరుగురు, వెనక నిచ్చెన మీద ఇద్దరు. నేను ఆఫీసరులా కనిపించానని డ్రైవరు తన సీట్లోనే సగం ఇచ్చాడు. గేరు మార్చినప్పుడల్లా నా మోకాలు మార్చుకోవాలి. దారంతా వలిసె పూలు. కొండల కింద, మెట్ల మడుల అంచుల్లో, రోడ్డు పక్కన, ఎక్కడ చూసినా పసుపే.

సంతలో పసుపు కొమ్ములు, అడ్డాకుల కట్టలు, చింతపండు, కొత్త చోళ్ళు కుప్పలు పోసి కూర్చున్నారు. అమ్మేవాళ్ళు కొండవాళ్ళు, కొనేవాళ్ళు ఎక్కువగా మైదానం వర్తకులు. మా విజయనగరం సంతలో అయితే అమ్మే మనిషి గొంతు చించుకుంటాడు. ఇక్కడ కుప్ప ముందు ఊరుకుని కూర్చుంటారు. అడిగితే ఒక ధర చెప్తారు. తగ్గించమంటే మొహంకేసి చూస్తారు. కొత్త చోళ్ళ కుప్పలు చూసి కడుపు నిండినట్టయింది. ఆ ఏడు పంట బాగా పండిందని అందరూ చెప్పుకుంటున్నారు.

సంత పక్కనే ఎస్.కోట నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక షావుకారు కొట్టు ఉంది. కిరాణా సరుకు, కిరసనాయిలు, మూల ఒక ఎస్టీడీ డబ్బా. వేసవిలో తోడు మనిషి వెనక నడిచాను గనక దారి గుర్తులేదు, ఫలానా ఊరికి దారి అడుగుదామని వెళ్ళాను. ఆయన తూస్తున్న ఉప్పు ఆపి నన్ను పైనుంచి కిందకి చూశాడు.

"నువ్వేనా బాబూ జనుం సారువి?"

అవునన్నాను. ఆయన కాటా పక్కన పెట్టి, ముందు టీ తెప్పించాడు. తర్వాత చెప్పాడు. నేను జనుము చల్లించిన మడి దొయిమతిది. ఆమె మొగుడు బుద్రు, వానల్లో రెండుసార్లు కొండ దిగొచ్చి, మా ఆఫీసుకి ఫోను చెయ్యమని ఈయన్ని బతిమాలాడట. జనుము పూసింది, సారుని రమ్మనండని. ఈయన చేశాడు. మొదటిసారి సారు లేడన్నారట. రెండోసారి ఎవరో నన్ను అడిగొచ్చి, వాళ్ళనే కోసుకోమన్నారని చెప్పారట.

అదంతా నాకు గుర్తొచ్చింది. మొదటిసారి నా టేబుల్ మీద చీటీ పెట్టారు, రెండోసారి మనిషే వచ్చి అడిగాడు. జనుము కొయ్యడానికి కూడా నేనేనా, కొడవలి లేదా వాళ్ళకి, అని విసుక్కున్నాను. కోసుకోమని చెప్పమన్నాను. చెప్పాను కదా, నా పని అయిపోయిందనుకున్నాను. అసలు ఎందుకు కొయ్యలేదని ఒక్కసారి అడగాలని తోచలేదు.

"నువ్వు సెప్పిన మాట నేను సెప్పినాను," అన్నాడు షావుకారు. "బుద్రు ఇనీసి, ఏటీ అనకుండా ఎల్లిపోనాడు. నాకూ అర్థం అవలేదు బాబూ. ఈళ్ళకేటేటో కట్టుబాట్లుంటాయి."

ఆయన అంతటితో ఆగలేదు. మండలాఫీసుకి వచ్చిన మా రిపోర్టు నకలు అక్కడి గుమాస్తా చదివి, దొయిమతి కొయ్యలేదంట, ప్రయోగం పాడు చేసిందంట అని సంతలో అందరి ముందూ చెప్పాడట. పక్క ఊళ్ళవాళ్ళు కూడా విన్నారట. టీ చల్లారిపోయింది. తాగలేకపోయాను.

అంతలో బుద్రే కనిపించాడు. సన్నగా, పొడుగ్గా, నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కోపం కూడా పడలేదు. నిన్న ఇంటి దగ్గర వదిలి వెళ్ళిన మనిషి మళ్ళీ కనబడినట్టు తలూపి, నడుద్దామన్నాడు. కొత్త చోళ్ళు సంత నిండా ఉంటే అతను వాటివంక చూడకుండా ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కుని బయల్దేరాడు.

వాగు దగ్గర

నడక రెండు గంటలన్నాడు బుద్రు. కొండవాళ్ళ రెండు గంటలు మనకి నాలుగు. దారిలో అతన్ని ఏమైనా అడగాలని నోరు తెరిచి మూసుకుంటూ వచ్చాను. అతనే ఒకచోట ఆగి, పనసచెట్టు చూపించి, ఈ ఏడు కాయలు బాగా కాసిందన్నాడు. మరోచోట అడవిపంది తవ్విన దుంపల గోతులు చూపించాడు. జనుము మాటెత్తలేదు.

వాగు దాటేటప్పుడు నా బూటు నాచు మీద పడింది. నేను వెల్లకిలా, కెమెరా సంచి నీళ్ళలో. బుద్రు ముందు నన్ను లేపి, తర్వాత నడుము లోతు గుంటలో దిగి సంచి వెతికి తెచ్చాడు. కెమెరాలోంచి నీళ్ళు ధారగా కారాయి. ఆఫీసు వస్తువు, నా పీకల మీదకి వస్తుంది. అయినా నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో తేలిగ్గా అనిపించింది. ఫొటో తియ్యక్కర్లేదు. ఆమెని కొయ్యని జనుము పక్కన నిలబెట్టి ఫొటో ఎలా తీస్తానా అని షావుకారు కొట్టు దగ్గర్నుంచీ బెంగగానే ఉంది.

బుద్రు మాత్రం చాలా బాధపడ్డాడు. తమ ఊరి వాగులో పోయింది గనక తమదే తప్పన్నట్టు మాట్లాడాడు. ఊరుకో అన్నాను. తడిబట్టలతో వణుకుతూ కొండెక్కాను.

మడి

ఊరికి ముందే మడి వస్తుంది. నీళ్ళ వసతి ఉన్న మడి, వాళ్ళకున్నవాటిలో మంచిది. చుట్టూ మెట్లమెట్లుగా మడులన్నీ కోసేసి ఉన్నాయి. చోడి మోళ్ళు కనిపిస్తున్నాయి, కొన్నిట్లో గిత్తలు మేస్తున్నాయి. ఆ మధ్యలో ఇదొక్కటే నా తలకంటే ఎత్తుగా, ఎండి, నల్లబడి నిలబడి ఉంది. గాలి వీస్తే కాయల్లో గింజలు గలగలమన్నాయి. మడి చుట్టూ ముళ్ళకంప గట్టిగా కట్టి ఉంది. ఆవులు పడకుండా, మేకలు పడకుండా, ఐదారు నెలలు కాపలా కాశారు.

నేనప్పుడు చేసిన పని రాయడానికి చెయ్యి రావటం లేదు. కానీ రాయాలి. దొయిమతి ఇంట్లోంచి వస్తోంది. ఆమె దగ్గరికి రాకముందే నేను గొంతు పెంచాను. ఇంత మంచి మడి ఇలా పాడు పెట్టుకుంటారా, కోసుకోమని కబురు పంపితే వినరా, ఇంక మీకేం చెప్పాలి అన్నాను. తప్పు నాదని షావుకారు దగ్గర సగం తెలిసీ అన్నాను. భయం వేసినప్పుడు నాకు కోపం ముందు వస్తుంది, అది నా జబ్బు.

ఆమె దగ్గరికొచ్చి, నా తడిబట్టలు చూసి, "వచ్చినావా" అంది.

అంతే. కాళ్ళకి నీళ్ళిచ్చింది. వాళ్ళ తెలుగులో మీరు అనేది లేదు, కలెక్టరైనా నువ్వే. బుద్రు పంచె ఒకటి ఇచ్చి కట్టుకోమంది. మా ఇళ్ళల్లో చుట్టం రాగానే ఎప్పుడొచ్చావు, ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు అన్నీ అడిగేస్తాం. అక్కడ తిండి పెట్టేదాకా ఏమీ అడగరు, ఏమీ చెప్పరు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, అడ్డాకులో సామ అన్నం, చిక్కుడుగింజల కూర, పక్కన మిరపకాయ నూరిన పచ్చడి పెట్టింది. ఎండుకొమ్మల పొగ, కూరలో కారం, కళ్ళంట నీళ్ళు. ఆకలి మీద గబగబా తిన్నాను.

సగం తిన్నాక చూశాను. వాళ్ళిద్దరూ వేరే కుండలోంచి ఏదో నల్లటి జావ పోసుకుని తాగుతున్నారు. నాకూ పొయ్యమన్నాను, చోడి అంబలి అనుకుని. ఆమె కుండ పక్కకి జరిపింది. నీకు పడదంది. పట్టుబట్టి ఒక గుక్క తాగాను. వగరు, చేదు. మామిడిటెంకల పిండి జావ. చోళ్ళు లేని ఇళ్ళల్లో వానాకాలం గడవడానికి తాగేది. కొత్త చోళ్ళొచ్చి ఊరంతా సంకటి వండుకుంటున్న రోజుల్లో ఈ ఇంట్లో ఇంకా టెంకజావే. నేను తింటున్న సామబియ్యం నా కోసం పక్కింట్లోంచి తెచ్చినవి.

ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. తినమంది. తిన్నాను. ఎలా తిన్నానో నాకే తెలీదు.

దిసారి చెప్పిన మాట

సాయంత్రం ఎండ ఉండగానే దిసారి వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో విత్తనానికీ కోతకీ మంచిరోజు చూసి చెప్పే పెద్దమనిషి. నేను తాతా అని పిలిచాను. జీలుగు కల్లు ఒక దొప్పలో పోసి, నేల మీద రెండు చుక్కలు ఒలికించి నాకిచ్చాడు. తర్వాత మెల్లగా, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

వేసవి చివర నేను వచ్చిన రోజున, మడి గట్టు మీద దొయిమతి జనుము చేట నా ముందు పెట్టి, ముందు నువ్వు చల్లు అంది. నాకు గుర్తుంది. మా వైపు ఎమ్మెల్యేల చేత రిబ్బను కత్తిరింపించినట్టు గౌరవం చేస్తున్నారనుకున్నాను. పెద్ద దోసెడు తీసి దర్జాగా చల్లాను. అప్పుడూ ఇదే దిసారి కల్లు నేల మీద ఒలికించాడు. ఆ కల్లు తాగి, మీ ఊరి కల్లు చాలా బాగుందని మెచ్చుకుని, కొండ దిగి వచ్చేశాను.

మా ఇళ్ళల్లో మొదటి గుప్పెడు ఇంటి యజమాని చల్లుతాడు, దాంతో అది అయిపోతుంది. వాళ్ళకి అలా కాదట. కొత్త విత్తనం ఊళ్ళోకి తెచ్చినవాడే మొదట చల్లాలి. చల్లినవాడే మొదటి కోత కొయ్యాలి. అతను నేల తల్లికి మాటిచ్చినట్టు. అతను కొడవలి పెట్టకుండా ఆ పైరుని ఎవరు ముట్టుకున్నా ఊరికి కీడు, పసిపిల్లలకి జ్వరాలు. అందుకే పూత పట్టగానే నాకు ఫోను చేయించారు. అందుకే నేను కోసుకోమని పంపిన మాటకి బుద్రు ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఏమంటాడు పాపం. నేనేదో ఎరగక అన్నాననుకున్నారు, తెలిశాక వస్తాననుకున్నారు. చోడి నారు పోసుకుని ఎదురు చూశారు. నారు ముదిరిపోయింది. దాన్ని పశువులకి వేసేశారు.

"మరి దీనికి ఇంకో దారి లేదా తాతా?" అని అడిగాను.

ఉందన్నాడు. మొదట చల్లినవాడు చచ్చిపోతే ఒక కోడిని కోసి, నేలకి చెప్పుకుని, ఇంకొకరు కొడవలి పట్టొచ్చు. ఊళ్ళో అందరూ ఆ మాటే అన్నారట. ఆ సారు ఇంక రాడు, చచ్చిపోయాడనుకో, కోడిని కోసేద్దాం, మడి దక్కించుకో అని దొయిమతికి చెప్పారట. నారు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే చెప్పారట. తానే కోడి తెచ్చి నిలబడ్డాడట దిసారి.

ఆమె ఒప్పుకోలేదు.

నేను దొయిమతికేసి తిరిగాను. పొయ్యిలో పుల్లలు సర్దుతోంది. ఎందుకు ఒప్పుకోలేదని అడిగాను. ఆమె మామూలుగా, బియ్యంలో రాళ్ళు ఏరుతూ మాట్లాడినట్టు చెప్పింది.

"బతికున్నోణ్ణి సచ్చిపోనాడని నేలకి ఎలాగ సెప్తాం? నీకు తల్లుంటది గదా. పిల్లలుంటారు. ఒక్క ఏడు గింజల కోసం నీ మీదకి సావు పిలవమంటావా?"

నాకు తల్లి ఉంది. ఇద్దరు పిల్లలున్నారు. నా మీదకి ఏ చెడూ రాకూడదని ఈమె తన మంచి మడి ఎండబెట్టుకుంది. నేను ఆ ఆర్నెల్లూ హాయిగా తిని తిరిగాను. ఆమె మీద ఒక అబద్ధం రాసి, కింద సంతకం పెట్టాను.

ఆ రిపోర్టు సంగతి ఎత్తాను. గుమాస్తా చదివింది నేను రాసిందేనని, అది తప్పని, క్షమించమని అన్నాను. ఆమెకి ఆ బాధ అర్థం కాలేదు. "కొయ్యలేదు నిజమే గదా," అంది. "నువ్వు రాసినదాంట్లో అబద్దమేటుంది?"

ఎవరైనా నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఊళ్ళో ఎవరూ తిట్టలేదు.

కోత

మర్నాడు పొద్దున్నే మంచు ఇంకా కొండల మీంచి దిగుతుండగా మడి దగ్గరికి వెళ్ళాం. దిసారి, దొయిమతి, బుద్రు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఓ పదిమంది. బుద్రు ముళ్ళకంప తీశాడు. కొడవలి నా చేతికిచ్చారు. వ్యవసాయంలో పట్టా తీసుకుని పదిహేనేళ్ళైనా నేను కొడవలి పట్టింది చాలా తక్కువ. ఎండిన జనుము కర్రలా ఉంది. మొదటి మొక్క నాలుగు దెబ్బలకి గానీ తెగలేదు. వెనక ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. దిసారి నేలకి మొక్కి, ఇంక అందరూ పట్టొచ్చన్నాడు.

అప్పుడు చూడాలి వాళ్ళ కోత. నేను చెప్పిన పద్ధతి వాళ్ళకి అక్షరం అక్షరం గుర్తుంది. ఎక్కడా మోపులు కట్టలేదు. కోసినవి కోసినట్టు, మొదళ్ళన్నీ ఒకవైపు ఉండేలా, నేల కనబడకుండా పరుచుకుంటూ వెళ్ళారు. కాయలు మాత్రం ముందుగా దులిపి గంపల్లోకి తీశారు, గింజ రాలి వచ్చే ఏడు మళ్ళీ మొలిచి పీక్కు తినకుండా. ఆ సంగతి నేను చెప్పలేదు. నాకు తోచలేదు.

దొయిమతి నన్ను పిలిచి, ఒకచోట నేల చూపించింది. జనుము కింద నేల శుభ్రంగా ఉంది. గరిక లేదు, తుంగ లేదు. పక్క మడి గట్టు వరకూ కలుపు పాకి, ఇక్కడ ఆగిపోయింది. నువ్వు చెప్పింది నిజమేనంది. ఈ పద్ధతి పట్టుకుంటే వచ్చే ఏడు కలుపు తియ్యడానికి వంగక్కర్లేదు కదా అంది. ఆమె మొదట ఒప్పుకున్నదే దీనికోసం. నడుము నొప్పితో కలుపు తియ్యలేకపోతున్నానని వేసవిలో నాకు చెప్పింది. నేను విని, తలూపి, మర్చిపోయాను.

అందరూ ఉన్నారు కదా అని అక్కడే చెప్పాను. దొయిమతి తప్పు చెయ్యలేదు, వస్తానని రానివాణ్ణి నేను, తప్పు నాదే, ఆఫీసులో కూడా అలాగే రాస్తానని. ఊరివాళ్ళు పని ఆపి విన్నారు. కొందరు తలూపారు. మళ్ళీ కోతలో పడ్డారు.

రాశానా అని అడుగుతారు. తిరిగి వెళ్ళాక రాశాను. నా నిర్లక్ష్యం వల్ల పైరు కొయ్యలేదని, రైతు తప్పు లేదని రెండు వాక్యాలు. ఆఫీసరు చదివి, ఇలాంటివి కాగితం మీద పెట్టకూడదయ్యా అని మడిచి సొరుగులో వేసుకున్నాడు. కెమెరా రిపేరుకి నా జీతంలో కోత పెట్టాడు. ఆ కాగితం బయటికి పంపమని నేను మళ్ళీ అడగలేదు. రెండోసారి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇదీ రాయకపోతే ఈ కథనం కూడా ఆ రిపోర్టులాంటిదే అవుతుంది.

మడిలో పరవడం అయ్యేసరికి ఎండెక్కింది. ఇంక చోడికి కాలం లేదు. నేలలో చెమ్మ ఉండగానే ఉలవలు వేసుకుందామన్నారు. ఉలవలకి పెద్దగా ఏమీ అక్కర్లేదు, పరుపు సందుల్లోంచి మొలిచి, చలికాలపు మంచుకే పండుతాయి. బుద్రు ఇంట్లోంచి చేటలో ఉలవలు తెచ్చి గట్టు మీద పెట్టాడు.

నాకు గుండె నిండిపోయింది. ఇప్పుడైనా సరిగ్గా చేద్దామనిపించింది. ఈసారి కచ్చితంగా వస్తాను, కోత రోజుకి వస్తాను, చలిజ్వరమొచ్చినా సరే వస్తాను అని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఎవరూ అడక్కుండానే వంగి, చేటలోంచి గుప్పెడు ఉలవలు తీసుకున్నాను.

దొయిమతి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. మెల్లగానే పట్టుకుంది.

"వద్దు బాబూ," అంది. "ఇది ఇక్కడుండేటోళ్ళు వేసుకోవాల."

ఆమె మొహంలో కోపం లేదు. నా గుప్పెడు విప్పి, గింజలు తన దోసిట్లోకి ఒంపుకుంది. అరచేతి గీతల్లో ఇరుక్కున్న నాలుగైదు గింజలు కూడా ఒక్కొక్కటే వేలితో ఏరి తీసుకుంది.